ఆరడుగుల మూలకు చారల ఆకుల మొక్క

మీరు అడిగినదాన్ని ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను. ముందుగదిలో ఒక మూల ఖాళీగా ఉంది. తూర్పు కిటికీకి అది పది అడుగుల దూరం. అక్కడ మనిషెత్తు మొక్క నిలబెట్టాలని, దాని ఆకుల్లో తెలుపో పసుపో కలిసి ఉండాలని మీ కోరిక. నిరుడు అదే మూలలో పెట్టిన తెల్లంచు రబ్బరు మొక్క, టినెకె రకం, నాలుగు నెలల్లో ఆకులన్నీ రాల్చి మోడయింది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఈసారి ఏ మొక్క తేవాలి, దాన్ని ఎలా చూసుకోవాలి అన్నది మీ ప్రశ్న.

పాతికేళ్లకు పైగా ఇళ్లలోనూ కార్యాలయాల్లోనూ కుండీ మొక్కలు పెంచడమే నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ రబ్బరు మొక్కను చంపింది మీ చెయ్యి కాదు, ఆ మూలలోని చీకటి. మీ కంటికి అది చీకటిగా కనిపించదని నాకు తెలుసు. పగలు అక్కడ కూర్చుని పుస్తకం చదువుకోగలరు. కానీ మన కన్ను వెలుతురు తగ్గే కొద్దీ తనను తాను సర్దుకుంటుంది. ఆకుకు ఆ వెసులుబాటు లేదు. వెలుతురును లక్స్ అనే కొలతలో లెక్కిస్తారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆరుబయట దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట, అది కొన్ని వేలకు దిగుతుంది. పది అడుగులు లోపలికి వచ్చేసరికి చాలా గదుల్లో కొన్ని వందలే మిగులుతుంది.

చారల మొక్కకు ఈ లెక్క ఇంకా కఠినం. ఆకులో తెల్లగా కనిపించే భాగం పత్రహరితం లేని భాగం. అది ఆహారం తయారు చేయదు, కానీ బతకడానికి ఆహారం కావాలి. ఇంట్లో పదిమంది తినేవాళ్లుండి ఆరుగురే సంపాదిస్తున్నట్టు అనుకోండి. మామూలు పచ్చ రబ్బరు మొక్క అదే మూలలో ఏడాది రెండేళ్లు ఎలాగో ఈడ్చుకొచ్చేది. సగం తెలుపున్న టినెకెకు ఆ రాబడి చాలలేదు. అందుకే పాత ఆకుల్ని ఒక్కొక్కటిగా వదిలేసింది. చారల మొక్క ఎంపికలో, వెలుతురులో, నీళ్లలో, కత్తిరింపులో నేను ఏది చెప్పినా ఈ ఒక్క లెక్క నుంచే చెబుతాను: పచ్చ ఎంత, తెలుపు ఎంత, ఆ పచ్చకు అందే వెలుతురు ఎంత.

అన్ని చారలూ ఒకటి కావు. పాలలాంటి తెలుపైతే అక్కడ పత్రహరితం దాదాపు ఉండదు. నిమ్మపచ్చ, లేత పసుపుపచ్చ భాగాల్లో కొంత మిగిలి ఉంటుంది కాబట్టి అలాంటి మొక్కలకు ఓర్పు ఎక్కువ. వెండి మెరుపున్న ఆకుల సంగతి వేరు. కొన్ని మొక్కల్లో ఆ మెరుపు ఆకు పైపొర కింద చిక్కుకున్న గాలి వల్ల వస్తుంది. దాని అడుగున పచ్చదనం చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే వెలుతురు తక్కువైన కొద్దీ తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి వెండికి జరగమని చెబుతాను.

కాబట్టి మొక్క కోసం వెళ్లే ముందు మూలను కొలవండి. ఎండ బాగా ఉన్న రోజు ఉదయం పది గంటలకు, మళ్లీ మధ్యాహ్నం రెండు గంటలకు, మొక్క ఆకులు ఎంత ఎత్తులో ఉంటాయో ఆ ఎత్తులో ఒక తెల్లకాగితం పట్టుకుని, దాని మీద అడుగు ఎత్తున అరచెయ్యి చాపండి. నీడ అంచులు స్పష్టంగా పడితే వెలుతురు బాగుంది. నీడ ఉందిగానీ అంచులు చెదిరి ఉంటే మధ్యరకం. నీడ ఉందో లేదో తేల్చుకోలేకపోతే ఆ చోటు చారల మొక్కకు కాదు. ఫోనులో లక్స్ కొలిచే యాప్ కూడా వాడవచ్చు. దాని అంకె అచ్చంగా నిజం కాకపోయినా, కిటికీ పక్కన ఎంత, మూలలో ఎంత అని పోల్చుకోవడానికి చక్కగా పనికొస్తుంది. నా చూపులో 1,000 లక్స్ కంటే తక్కువున్న చోట ఏ చారల మొక్కా పెరగదు. ఓర్పున్నవి మాత్రం ఉన్నచోట ఉంటాయి. 2,000 దాటితే చాలా రకాలు నెమ్మదిగా పెరుగుతాయి. టినెకె లాంటి తెల్లని వాటికి 5,000 పైన ఉంటేనే నేను ధైర్యంగా చెబుతాను.

మూల తేలాక రకం. మనిషెత్తుకు వచ్చే చారల మొక్కలు చాలానే ఉన్నాయిగానీ, మీ ఇంటికి నేను చెప్పేది డ్రసీనా జాతిలోని మసాంజియానా. మొక్కజొన్న ఆకుల్లాంటి పొడవాటి ఆకులు, నడిమధ్య పసుపుపచ్చ చార. దీని పుట్టిల్లు ఉష్ణమండల ఆఫ్రికా, పెద్ద చెట్ల నీడ. నీడకు అలవాటుపడిన ఒళ్లు కాబట్టి తక్కువ వెలుతురును బాగా ఓర్చుకుంటుంది. పసుపు చార కూడా ఆకులో కొంత భాగమే, రెండు పక్కలా పచ్చ నిండుగా ఉంటుంది. ఇంకో సుగుణం దాని ఆకారం: కింద ఆకులు లేని లావుపాటి కర్ర, పైన ఆకుల గుత్తి. మూడు నాలుగు అడుగుల కర్రలున్న మొక్క తీసుకుంటే పాప చేతికి ఆకు అందదు.

ఈ మొక్క విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది, ఎత్తు ముఖ్యమైనప్పుడు అది తెలిసి తీరాలి. కోస్టారికా లాంటి దేశాల తోటల్లో పెద్ద చెట్లుగా పెంచి, కాండాన్ని రకరకాల పొడవుల్లో ముక్కలుగా కోసి, వేళ్లు పుట్టించి కుండీల్లో నాటుతారు. ఒక కుండీలో సాధారణంగా మూడు కర్రలు, మూడు ఎత్తుల్లో ఉంటాయి. పైకోతకు మైనం పూసి ఉంటుంది. ఆ కర్ర ఇక పొడవు పెరగదు. కర్ర పక్క నుంచి పుట్టిన చిగురు మాత్రమే పైకి పెరుగుతుంది, అదీ ఇంట్లో చాలా మెల్లగా. రెండడుగుల కర్రను కొని, నాలుగేళ్లలో అదే మనిషెత్తు అవుతుందని ఎదురుచూసి నిరాశపడినవాళ్లను ఎందరినో చూశాను. మీకు ఆరడుగులు కావాలంటే ఐదడుగులైనా ఉన్నది కొనండి. లేదా పొట్టి మొక్క కొని గట్టి పీట మీద పెట్టండి. వెలుతురు కిటికీ ఎత్తులోనే ఎక్కువ కాబట్టి పీట వల్ల ఆ మేలు కూడా దక్కుతుంది.

మూలను కొలిచాక వెలుతురు మీరనుకున్నదానికన్నా బాగుందని తేలితే, అదే జాతిలో సాంగ్ ఆఫ్ ఇండియా అనే రకం చూడండి. పేరు అలా ఉన్నా దాని మూలజాతి మడగాస్కర్, దాని చుట్టుపక్కల దీవులది. పచ్చని పొట్టి ఆకులకు మీగడ పసుపు అంచులు, కొమ్మలు వంపులు తిరిగి చిన్న చెట్టులా కనిపిస్తుంది. నాకు ఎంతో ఇష్టమైన మొక్క. అయితే మసాంజియానా కన్నా దీనికి వెలుతురు స్పష్టంగా ఎక్కువ కావాలి. నీడలో పెడితే కింది ఆకులు వరసగా పండి, కొమ్మ చివర కుచ్చు మాత్రమే మిగులుతుంది. నిమ్మపచ్చ చారల లెమన్ లైమ్, బూడిదపచ్చ మీద తెల్లగీతల వార్నెకీ కూడా డ్రసీనాలే. రెండూ ఓర్పుగలవే.

మిగతావాటి గురించి త్వరగా చెబుతాను. పసుపు మచ్చల షెఫ్లేరా కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది, కిటికీకి నాలుగైదు అడుగుల్లోపు బాగుంటుంది. క్రోటన్ గది లోపలి మూలకు పనికిరాదు, నాలుగు గంటల ఎండైనా లేకపోతే ఆ రంగులన్నీ పోతాయి. తెల్లమచ్చల మాన్‌స్టెరాకు ఎక్కడానికి నాచు కట్టిన కర్ర కావాలి, వెలుతురు కావాలి, అన్నిటికన్నా ఓపిక కావాలి. పసుపు అంచు కత్తి మొక్క, అంటే సాన్సివేరియా లారెంటీ, మూడు నాలుగు అడుగులకు మించదుగానీ పీట మీద పెడితే నిటారుగా, నిబ్బరంగా ఉంటుంది. ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు దాన్నీ డ్రసీనాల్లోనే చేర్చారు.

డిఫెన్‌బాకియాను మాత్రం మీ ఇంటికి వద్దంటాను. దాని ఆకులంత అందం మరో మొక్కకు లేదు, ఎత్తూ త్వరగా పెరుగుతుంది. కానీ దాని కణాల్లో కాల్షియం ఆక్సలేట్ సూదులు ఉంటాయి. ఆకు కొరికితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. మాట రాకుండా చేస్తుందనే దానికి ఇంగ్లిషులో మూగకర్ర అని పేరు పెట్టారు. పాకే పిల్లలు, అందినది నోట్లో పెట్టుకునే పిల్లలు ఉన్న ఇంట్లో దానికి చోటు లేదు. రబ్బరు మొక్క, క్రోటన్ పాలు కూడా చర్మానికి, కంటికి పడవు. డ్రసీనా అంత తీవ్రం కాకపోయినా తినదగినది కాదు. పిల్లులు, కుక్కలు నమిలితే వాంతులు చేసుకుంటాయి. పిల్లి ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు నా మాట: కలాథియా, స్ట్రోమాంథే, చారల ఆస్పిడిస్ట్రా చూడండి. ఇవి పెంపుడు జంతువులకు హాని చేయవు. పొట్టివి కాబట్టి ఎత్తుకు పీట వాడుకోవాలి. మొదటి రెండూ గాలిలో తేమ కోరతాయి, ఆస్పిడిస్ట్రా దేనికైనా ఓర్చుకుంటుంది.

నర్సరీలో ఎలా ఎంచాలో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే సగం మొక్కల భవిష్యత్తు అక్కడే తేలిపోతుంది. మొదట ఆకులు కాదు, మొదలు చూడండి. కర్రను పట్టుకుని మెల్లగా కదపండి. మట్టితో కలిసి కుండీ మొత్తం కదిలితే వేళ్లు పట్టుకున్నట్టు. కర్ర ఒక్కటే ఊగితే వేళ్లు సరిగా లేవు, వదిలేయండి. కర్రను కింది నుంచి పై వరకు బొటనవేలితో నొక్కుతూ రండి. ఎక్కడైనా మెత్తగా దిగినా, బెరడు వదులై ముడతలు పడినా లోపల కుళ్లు ఉంది. మూడు కర్రల్లో ఒక్కటి అలా ఉన్నా ఆ కుండీ వద్దు. కుండీ అడుగు రంధ్రం దగ్గర ముక్కు పెట్టండి. మంచి మట్టికి వాన పడిన నేల వాసన ఉంటుంది, కుళ్లిన వేళ్లకు మురుగు వాసన. కనిపించే వేరు లేత రంగులో గట్టిగా ఉండాలి. తర్వాత ఆకుల అడుగుభాగం, ఆకు కర్రను కలిసే సందులు. తెల్లని దూదిలాంటిది కనిపిస్తే పిండినల్లి. ఆకులు మరీ అద్దంలా మెరుస్తుంటే ఏదో పూత పూశారని అర్థం, అలాంటప్పుడు అడుగుభాగం ఇంకా జాగ్రత్తగా చూడాలి.

చారలు చూసేటప్పుడు మొక్క మొత్తాన్ని చూసి మురిసిపోకండి. అన్నిటికన్నా కొత్తగా వచ్చిన మూడు ఆకులు చూడండి. మొక్క ఎటు వెళ్తోందో అవే చెబుతాయి. పాత ఆకుల్లో చార వెడల్పుగా ఉండి కొత్త ఆకులు దాదాపు పచ్చగా ఉంటే అది చాలాకాలంగా చీకట్లో ఉంది. కొత్త ఆకులు మొత్తం తెల్లగా వస్తుంటే అది ఇంకా ప్రమాదం. తెల్లని ఆకు నాలుగు రోజులు కన్నులపండువగా ఉండి గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ కొమ్మ తనను తాను పోషించుకోలేదు. మాన్‌స్టెరా, రబ్బరు మొక్క లాంటివైతే ఆకుతో పాటు కాండం మీద కూడా తెల్లగీత ఉందేమో చూడండి. కాండంలో ఉన్నదే రాబోయే ఆకుల్లోకి వస్తుంది.

ఇంటికి తెచ్చాక చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. వెంటనే కుండీ మార్చవద్దు, ఎరువు వేయవద్దు. మిగతా మొక్కలకు దూరంగా రెండు వారాలు ఉంచండి, పురుగేదైనా దాగి ఉంటే ఈలోపు బయటపడుతుంది. నర్సరీ వెలుతురులో పుట్టిన ఆకులు మీ గదికి సర్దుకునేటప్పుడు కింది వరసలో రెండు మూడు పండి రాలడం మామూలే. దానికి కంగారుపడి నీళ్లు పోయడంతోనే చాలా మొక్కల పతనం మొదలవుతుంది. తేవడానికి ముందే మూలను సరిచేయగలిగితే మరీ మంచిది. కిటికీ వైపు నాలుగడుగులు జరపగలరా చూడండి. పది అడుగుల నుంచి ఆరడుగులకు వచ్చినా అందే వెలుతురులో పెద్ద తేడా ఉంటుంది. జరపలేకపోతే పైనుంచి ఒక తెల్లని ఎల్‌ఈడీ దీపం, రోజుకు పన్నెండు గంటలు. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు దీపమే కానక్కరలేదు. మామూలు తెల్లదీపం ఆకుల గుత్తికి అడుగున్నర రెండడుగుల ఎత్తున వేలాడితే సరిపోతుంది. చేత్తో వేసి ఆర్పడం మరిచిపోతాం కాబట్టి టైమర్ పెట్టండి.

కుండీ సంగతికి వస్తే, ఎత్తయిన మొక్కకు తల బరువు. పాప పట్టుకుని లాగితే పడిపోకూడదు. చాలామంది బరువు కోసం, నీళ్లు దిగడం కోసం అంటూ కుండీ అడుగున గులకరాళ్లు పోస్తారు. అది నీళ్లు దిగడానికి సాయం చేయదు. మెత్తని మట్టి నుంచి నీరు పెద్ద రాళ్ల సందుల్లోకి సులభంగా జారదు, మట్టి పూర్తిగా తడిసి నిండేదాకా రాళ్ల పైనే నిలుస్తుంది. అంటే వేళ్లున్న చోటికే తడిని పైకి జరిపినట్టు. నేను చేసేది ఇలా: రంధ్రాలున్న లోపలి కుండీని బరువైన బయటి కుండీలో పెడతాను. బయటి కుండీ అడుగున ఇటుకలో రాళ్లో వేసి వాటి మీద లోపలి కుండీని నిలబెడతాను. బరువు వస్తుంది, కారిన నీళ్లలో వేళ్లు నానవు. బయటి కుండీలో నిలిచిన నీళ్లను మాత్రం తీసేస్తూ ఉండాలి. చాలా ఏళ్ల కిందట ఒక కార్యాలయం వసారాలో ఏడు పెద్ద డ్రసీనాలు పెట్టాను. ఊడ్చేవాళ్లు, కాపలావాళ్లు, వచ్చేపోయేవాళ్లు ఎవరికి తోచినప్పుడు వాళ్లు ప్రేమగా నీళ్లు పోశారు. అందమైన బయటి కుండీల్లో జానెడు నీళ్లు నిలిచాయి, పైన మట్టి మాత్రం పొడిగా కనిపించింది. నేను చూసేసరికి ఐదు కర్రలు మెత్తబడిపోయాయి. ఆ ఐదు మొక్కల బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఇటుకలు లేకుండా బయటి కుండీ వాడలేదు.

మట్టి వదులుగా ఉండాలి. రెండు పాళ్లు కొబ్బరిపొట్టు, ఒక పాలు వానపాముల ఎరువు, ఒక పాలు ముతక ఇసుక నాకు బాగా పనిచేసిన కలయిక. ఇసుక బదులు పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుల్లరాయి పలుకులు వాడవచ్చుగానీ డ్రసీనాలకు నేను ఇసుకే వాడతాను. పెర్లైట్‌లో కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, ఈ జాతికి ఫ్లోరైడ్ పడదు. ఆకు చివరలు, అంచులు గోధుమరంగులో ఎండడం దాని మొదటి గుర్తు. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి దాన్నీ దూరం పెట్టాలి. కుళాయి నీళ్లను రాత్రంతా ఉంచితే ఫ్లోరైడ్ పోతుందని చెప్పుకుంటారు. అలా పోయేది క్లోరిన్. ఫ్లోరైడ్ పోదు, కాచినా పోదు. కాచితే నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. మీ మొక్క ఆకు చివరలు తరచూ ఎండుతుంటే వాననీళ్లు గానీ, ఆర్వో యంత్రంలో శుద్ధి చేసిన నీళ్లు గానీ పోసి చూడండి. ఎండిన చివరలు మళ్లీ పచ్చబడవు. కొత్త ఆకులు శుభ్రంగా వస్తున్నాయా లేదా అన్నదే చూడాలి.

ఇక నీళ్లు. వారానికి ఎన్నిసార్లు అని నన్ను అడగకండి, ఏ మొక్కకూ నేను వారాల లెక్క చెప్పను. తెలుపున్న మొక్క నెమ్మదిగా పెరుగుతుంది, తక్కువ తాగుతుంది. వెలుతురు తక్కువైతే ఇంకా తక్కువ తాగుతుంది. ఒకే మొక్క కిటికీ పక్కన వారానికి ఒకసారి అడిగి, మీ మూలలో మూడు వారాలకు ఒకసారి అడగవచ్చు. లోతైన కుండీలో వేలు పెట్టి చూస్తే పై రెండంగుళాలే తెలుస్తాయి. పొడి వెదురుపుల్లను జానెడు లోతుకు గుచ్చి, పది నిమిషాలుంచి తీయండి. తడి మరక ఎక్కడి నుంచి మొదలైందో కనిపిస్తుంది. మసాంజియానాకు పైనుంచి సగం లోతు వరకు పొడిగా ఉన్నప్పుడే నీళ్లు. పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. అడుగు రంధ్రం నుంచి కారేదాకా మట్టి అంతా తడిసేలా పోయండి. రోజూ గ్లాసుడు పోయడం వల్ల పైన బురద, అడుగున దాహం.

ఆకులు వాలినప్పుడు చాలామంది వెంటనే దాహం అనుకుంటారు. వేళ్లు కుళ్లినా ఆకులు అలాగే వాలుతాయి, ఎందుకంటే కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు. తేడా మట్టిలో ఉంటుంది. మట్టి పొడిగా ఉండి కుండీ తేలికగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉండీ ఆకులు వాలితే, పసుపుబడితే, నీళ్లు ఆపి వేళ్లను బయటికి తీసి చూడాలి. మెత్తగా నల్లబడిన వేళ్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, కొత్త పొడి మట్టిలో, వీలైతే చిన్న కుండీలో నాటాలి.

ఆకుల మీద రోజూ నీళ్లు చిలకరించడం వల్ల గాలిలో తేమ నిమిషాల సేపే పెరుగుతుంది. డ్రసీనా గుత్తి నడుమ గిన్నెలా ఉండే చోట ఆ నీరు నిలిస్తే చిగురు కుళ్లే ప్రమాదం కూడా ఉంది. దాని బదులు పది పదిహేను రోజులకు ఒకసారి ఆకుల్ని తడిగుడ్డతో తుడవండి. కింద అరచెయ్యి ఆనించి, పైన గుడ్డతో, మొదలు నుంచి చివరకు. దుమ్ము పడితే ఆ కాస్త వెలుతురు కూడా ఆకులోకి వెళ్లదు. నూనె, పాలు, మెరుపు పూతలు ఏవీ వద్దు. నాకు ఈ తుడిచే పనే అన్నిటికన్నా ఇష్టం. పురుగును మొదట పసిగట్టేది అప్పుడే, కొత్త చిగురు కనిపించేదీ అప్పుడే. ఏసీ గాలి నేరుగా తగలకుండా చూడండి. తుడిచిన ప్రతిసారీ కుండీని పావువంతు తిప్పండి, లేకపోతే మొక్క కిటికీ వైపు ఒరిగిపోతుంది.

ఎరువు తక్కువే. కొత్త ఆకులు వస్తున్న నెలల్లో, నీళ్లలో కలిపే సమతుల ఎరువును డబ్బా మీద రాసినదానిలో సగం మోతాదుకు తగ్గించి నెలకు ఒకసారి. పెరుగుదల ఆగిన చలికాలంలో అసలు వద్దు. ఎరువు వెలుతురుకు ప్రత్యామ్నాయం కాదు. చీకట్లో ఉన్న మొక్కకు వేసిన ఎరువు మట్టిలో ఉప్పుగా పేరుకుని వేళ్లనే కాలుస్తుంది. మట్టి పైన తెల్లని పొర కనిపిస్తే కుండీని బయటికి తీసి, మంచినీళ్లు ధారాళంగా పోసి కడిగేయండి.

పురుగుల్లో ఎర్రనల్లి, పిండినల్లి, పొలుసు పురుగు ముఖ్యమైనవి. ఆకు అడుగున సన్నని సాలెగూడు, పైన సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు ఉంటే ఎర్రనల్లి. పొడి గాలిలో అది త్వరగా పెరుగుతుంది. ముందు నీళ్లతో ఆకుల అడుగుభాగం గట్టిగా కడగండి. తర్వాత లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారానికి ఒకసారి చొప్పున మూడుసార్లు చేయాలి, గుడ్ల నుంచి వచ్చేవి మొదటిసారికి చావవు. మొదట ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. తెల్లని భాగాలు నాజూకు, ఏది ఎక్కువైనా ముందు మాడేవి అవే.

చార పోయి పచ్చగా వస్తోందన్నది అందరూ అడిగే ప్రశ్న. ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, వెలుతురు తగ్గినప్పుడు మసాంజియానా, లెమన్ లైమ్ లాంటివి కొత్త ఆకుల్లో పచ్చదనం పెంచుకోవడం. అది మొక్క తెలివి. వెలుతురు పెంచితే తర్వాతి ఆకుల్లో చార మళ్లీ వస్తుంది. రెండోది అసలైన తిరోగమనం. చాలా చారల మొక్కల్లో పచ్చ కణాల పొర, తెల్ల కణాల పొర పక్కపక్కనే పెరుగుతుంటాయి. ఒక మొగ్గ పూర్తిగా పచ్చ కణాల నుంచి పుడితే ఆ కొమ్మ అంతా పచ్చగానే వస్తుంది. దానికి సంపాదన ఎక్కువ కాబట్టి మిగతా కొమ్మల్ని మించి పెరిగి, చివరకు మొక్కనే ఆక్రమిస్తుంది. రబ్బరు మొక్క, షెఫ్లేరాల్లో అలాంటి కొమ్మ కనిపిస్తే జాలిపడకుండా, చారలున్న ఆఖరి ఆకు దాకా వెనక్కి కత్తిరించండి. సాన్సివేరియా లారెంటీ ఆకును ముక్కలు చేసి నాటితే పసుపు అంచు లేని పచ్చమొక్క రావడానికి కారణం కూడా ఈ పొరలే. అంచు నిలవాలంటే దుంపను పిలకతో సహా విడదీసి నాటాలి.

మొక్కలు గదిలో గాలిని శుభ్రం చేస్తాయని కూడా మీరు రాశారు. 1989లో నాసా చేసిన ప్రయోగాల నుంచి ఆ మాట పుట్టింది. అవి మూసివేసిన చిన్న పెట్టెల్లో చేసినవి. మామూలు గదిలో తలుపు కిటికీల నుంచి వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా కావాలని 2019లో పాత అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష తేల్చింది. మొక్కను మొక్క కోసమే తెచ్చుకోండి.

చివరగా, మీ మోడైన రబ్బరు మొక్క. దాన్ని పారేయవద్దు. కాండం మీద గోటితో కొద్దిగా గీకండి, కింద పచ్చగా ఉండి పాలచుక్క ఊరితే ప్రాణం ఉంది. పై నుంచి గీకుతూ దిగి, పచ్చ కనిపించిన చోటికి కాస్త కింద, ఒక కణుపుకు పైన శుభ్రమైన కత్తితో కోయండి. కారే పాలను తడిగుడ్డతో తుడవండి, చేతికి తొడుగు ఉంటే మంచిది, పాపను ఆ సమయంలో దూరంగా ఉంచండి. కుండీని తూర్పు కిటికీకి రెండు మూడడుగుల్లో, పాప చేతికి అందకుండా పీట మీద పెట్టండి. ఉదయపు లేత ఎండ దానికి మేలే చేస్తుంది. ఆకులు లేవు కాబట్టి నీళ్లు చాలా తక్కువ తాగుతుంది, మట్టి బాగా ఆరితేనే పోయండి. కోత కింద ఒకటి రెండు మొగ్గలు కదలడానికి నెల, నెలన్నర పట్టవచ్చు. వాటిలో ఏదైనా పూర్తిగా పచ్చగా విప్పుకుంటే దాన్ని గిల్లేసి, తెల్లంచు ఉన్నదాన్ని ఉంచండి. రెండు మూడు ఆకులు పూర్తిగా విచ్చుకునేదాకా ఎరువు జోలికి వెళ్లవద్దు.